నోటిమాట నుంచి డిస్మిస్ దాకా: చిన్న ఫ్యాక్టరీలో క్రమశిక్షణ చర్యలు ఏ వరుసలో తీసుకోవాలి?

అడిగింది: జీడిమెట్లలో ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ నడుపుతున్నాను. 140 మంది పనివాళ్లు. తొమ్మిదేళ్లుగా ఉన్న ఒక ఆపరేటర్ నెలకు నాలుగైదు రోజులు చెప్పకుండా మానేస్తాడు. నోటితో చాలాసార్లు చెప్పాం, కాగితం ఎప్పుడూ ఇవ్వలేదు. పోయిన వారం షిఫ్ట్ సూపర్‌వైజర్‌ను అందరి ముందు బూతులు తిట్టాడు. ఆ రోజు నుంచి అతన్ని గేటు దగ్గరే ఆపేస్తున్నాం. తెలిసిన కన్సల్టెంట్ ఒకరు పాత తేదీలతో మూడు మెమోలు తయారుచేసి ఫైల్లో పెట్టుకుని తీసేయమంటున్నారు. అలా చేయవచ్చా? సరైన వరుస ఏమిటి?

జవాబు:

మిగతాది చదివే ముందు సెక్యూరిటీకి ఫోన్ చేసి, అతను రేపు వస్తే లోపలికి పంపమని చెప్పండి. లోపల ఉంటే మళ్లీ గొడవ అవుతుందన్న భయం నిజంగా ఉంటే సస్పెన్షన్ ఆర్డర్ కాగితం మీద రాసి చేతికి ఇవ్వండి. ఈ రెండూ కాక మూడో దారి లేదు. కాగితం లేకుండా గేటు దగ్గర ఆపిన ప్రతి రోజుకూ జీతం అడిగే హక్కు అతనికి పుడుతుంది. పైగా రేపు లేబర్ ఆఫీసులో ‘నన్ను తీసేశారు’ అని అతను, ‘వాడే రావడం మానేశాడు’ అని మీరు అంటారు. మీ మాట ఎవరూ నమ్మరు, ఎందుకంటే అతను గేటు బయట నిలబడి ఫోన్లో ఫోటో తీసుకునే ఉంటాడు.

ఇది నా ఊహ కాదు. జె.ఎం.ఎ. ఇండస్ట్రీస్ కేసులో జరిగింది ఇదే. 1980 డిసెంబరులో ఒక కార్మికుడిని గేటు దగ్గర ఆపేశారు. కంపెనీ మాత్రం, సెలవు లేకుండా ఎనిమిది రోజులకు మించి రాలేదు కాబట్టి స్టాండింగ్ ఆర్డర్ల (ఫ్యాక్టరీ సర్వీసు నిబంధనల) ప్రకారం అతని పేరు దానంతట అదే పోయిందని వాదించింది. 1993లో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. నిబంధన అలా రాసి ఉన్నా సరే, అతని మాట వినకుండా, విచారణ జరపకుండా బతుకుతెరువు తీసేయడం కుదరదని, ఉద్యోగంలోకి తీసుకుని పాత జీతంలో సగం ఇవ్వమని తీర్పు చెప్పింది. పన్నెండేళ్ల పైచిలుకు జీతంలో సగం. మీ ఆపరేటర్ జీతంతో ఒకసారి లెక్కవేసి చూడండి.

ఇక పాత తేదీల మెమోల సంగతి. మీ కన్సల్టెంట్ ఎవరో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. నేను చాలా ఏళ్లు ఫ్యాక్టరీల పర్సనల్ డిపార్టుమెంట్లలో పనిచేసి, ఇప్పుడు బయటి నుంచి విచారణాధికారిగా వెళుతుంటాను. ఇలాంటి మెమోలు ఎలా పట్టుబడతాయో కళ్లారా చూశాను. ఒక యూనిట్‌లో 2016 తేదీతో మెమో పెట్టారు. లెటర్‌హెడ్ మీద జీఎస్టీ నంబరు ఉంది. జీఎస్టీ వచ్చింది 2017 జులైలో. కార్మికుడి తరఫున కూర్చున్న యూనియన్ నాయకుడు గొంతు కూడా పెంచలేదు. ఆ కాగితాన్ని వేలితో అలా చూపించాడంతే. ఇంకోచోట మెమో తేదీ నాడు అతను ఈఎస్ఐ సెలవులో ఉన్నట్టు మస్టర్ రోల్ (హాజరు పట్టీ) చెబుతోంది. మరోచోట సంతకం పెట్టిన మేనేజర్ ఆ తేదీకి ఉద్యోగంలోనే చేరలేదు. ఒక్క కాగితం దొంగదని తేలితే మిగిలిన నిజమైన కాగితాలు కూడా దొంగవే అవుతాయి, సంతకం పెట్టినవాళ్లు ఫోర్జరీ ఫిర్యాదుకు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఇన్నేళ్లూ మెమో ఇవ్వలేదు కదా, ఆ ఖాళీని ఖాళీగానే ఉంచండి. దానివల్ల మీ కేసు ఆలస్యమవుతుంది, అంతకు మించి పోయేదేమీ లేదు.

‘మూడు మెమోలు ఇస్తే తీసేయవచ్చు’ అన్నది పారిశ్రామిక వాడల్లో టీ కొట్టు చట్టం. ఏ చట్టంలోనూ, ఏ రూల్లోనూ ఆ మూడు అనే సంఖ్య లేదు. ఉన్నది వేరు. కేంద్ర ప్రభుత్వం 1946లో ఇచ్చిన మోడల్ స్టాండింగ్ ఆర్డర్లలో, శిక్ష వేసేటప్పుడు తప్పు ఎంత పెద్దది, అతని గత రికార్డు ఎలా ఉంది, తప్పును తగ్గించే లేదా పెంచే పరిస్థితులు ఏమైనా ఉన్నాయా అని చూడాలని రాసి ఉంది. మెట్లు మెట్లుగా చర్య తీసుకోవడానికి మొదటి ఆధారం ఈ వాక్యమే. గత రికార్డు చూడాలంటే రికార్డు అంటూ ఉండాలి కదా. రెండో ఆధారం కోర్టుల చేతిలో ఉంది. 1971 డిసెంబరు 15 నుంచి పారిశ్రామిక వివాదాల చట్టంలో 11ఎ సెక్షన్ వచ్చింది. తప్పు రుజువైనా సరే, శిక్ష ఎక్కువైందనిపిస్తే లేబర్ కోర్టు దాన్ని తగ్గించి ఉద్యోగం తిరిగి ఇప్పించగలిగేది. కొత్త కోడ్‌లోనూ ట్రైబ్యునల్‌కు ఆ అధికారం ఉంది. కాబట్టి ఫైల్లో ప్రతి కాగితాన్నీ అతన్ని భయపెట్టడానికి అని రాయకండి. అతన్నీ మిమ్మల్నీ ఎన్నడూ చూడని ఒక జడ్జి నాలుగేళ్ల తరవాత చదవడానికి అని రాయండి.

కొత్త కోడ్ అన్నాను కాబట్టి ఒక మాట. పాత స్టాండింగ్ ఆర్డర్ల చట్టం వంద మంది ఉన్న యూనిట్లకు వర్తించేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ సంఖ్యను 300 చేసింది. మీ 140 మంది దాని కిందికి రారు. ఇది విని ‘ఇక మనల్ని అడిగేవాడు లేడు’ అని సంబరపడే యజమానులు ఈ మధ్య ఎక్కువయ్యారు. అడిగేవాడు ఉన్నాడు. డిస్మిస్ అయిన కార్మికుడు పారిశ్రామిక వివాదం లేవనెత్తడానికి యూనిట్‌లో ఎంతమంది ఉన్నారన్నదానితో పని లేదు. విచారణ సహజ న్యాయం ప్రకారం, అంటే అతని మాట విని, పక్షపాతం లేకుండా జరిగిందా అన్న ప్రశ్న ఇద్దరు పనిచేసే చోటైనా వస్తుంది. నా సలహా: మోడల్ స్టాండింగ్ ఆర్డర్లనే పునాదిగా పెట్టుకుని మీ యూనిట్‌కు సర్వీసు నిబంధనలు రాసుకోండి. తెలుగులోనూ, ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు ఉంటే హిందీలోనూ నోటీసు బోర్డులో పెట్టండి. ఏది దుష్ప్రవర్తన, దానికి ఏయే శిక్షలు ఉంటాయి అన్నది అందులో ఉండాలి. నిబంధనల్లో లేని శిక్ష వేయడానికి వీల్లేదు. ఇంక్రిమెంట్ ఆపుదామనుకుంటే ఆ మాట ముందే అక్కడ ఉండి తీరాలి. మోడల్ ఆర్డర్లలో ఉన్నవి జరిమానా, నాలుగు రోజులకు మించని సస్పెన్షన్, డిస్మిస్ మాత్రమే.

ఇప్పుడు మీ ఆపరేటర్. అతని మీద మీకు రెండు ఫిర్యాదులున్నాయి: మానేయడం, తిట్టడం. ఈ రెండింటినీ ఒకే తాడుతో కట్టేయాలని చూడకండి. మానేయడం మెట్లెక్కి రావాల్సిన వ్యవహారం. తిట్టడం నేరుగా చార్జిషీటు (ఆరోపణలు రాసిన కాగితం) ఇవ్వదగ్గ వ్యవహారం, అయితే దాని శిక్ష ఎంత అన్నది వేరే చర్చ.

మానేయడం దగ్గర మొదలుపెడదాం. తొమ్మిదేళ్లు మీరు నోటితో చెప్పి ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం కూడా ఒక రికార్డే. ‘ఇన్నాళ్లూ ఒప్పుకున్నారు, ఇప్పుడే ఎందుకు తప్పయింది?’ అని అతను అడిగితే సమాధానం ఉండాలి. అందుకే ఈ రోజు నుంచి కొత్తగా మొదలుపెట్టక తప్పదు. హాజరు పట్టీలో గత పన్నెండు నెలలది తీసి, అతను రాని తేదీలన్నీ ఒక కాగితం మీద రాయించండి. పక్కనే అదే షాపులో మిగిలిన ఆపరేటర్లవీ రాయించండి. ఈ రెండో పని ఎవరూ చేయరు. చేస్తే చాలాసార్లు ముక్కున వేలేసుకోవాల్సి వస్తుంది, ఎందుకంటే అతని కంటే ఎక్కువ మానేసేవాడు ఇంకొకడు ఉంటాడు, వాడు సూపర్‌వైజర్‌కు కావలసినవాడై ఉంటాడు. అలా ఉంటే ఇద్దరికీ ఒకే రోజు కాగితం ఇవ్వండి. ఒకడికిచ్చి ఒకడిని వదిలేస్తే అది కక్ష సాధింపు అయి కూర్చుంటుంది.

తేదీలు ముందు పెట్టుకుని అతన్ని కూర్చోబెట్టి మాట్లాడండి. నిలబెట్టి కాదు, షాప్ ఫ్లోర్‌లో కాదు, తిట్లు తిన్న సూపర్‌వైజర్ చేత అసలే కాదు. ఎందుకు మానేస్తున్నావని అడిగి, తరవాత మీరు నోరు మూసుకోండి. తాగుడే కారణమని మనం ముందే తేల్చేసుకుంటాం. చాలాసార్లు అదే అయి ఉంటుంది కూడా. కానీ ఒక ఫార్మా యూనిట్‌లో వారానికి రెండు రోజులు మాయమయ్యే ప్యాకింగ్ కార్మికుడిని అడిగితే, భార్యకు డయాలసిస్ అని తేలింది. ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆ రెండు రోజులు బి షిఫ్ట్‌కు మార్చారు, వ్యవహారం ముగిసింది. అలాంటిదేమీ లేదని తేలితే ‘ఇకపై ముందే చెప్పకుండా రాకపోతే రాతపూర్వకంగా అడుగుతాం’ అని చెప్పి, మాట్లాడిన తేదీ, చెప్పిన విషయం రెండు వాక్యాల్లో రిజిస్టర్‌లో రాసుకోండి. అతని సంతకం దొరికితే మంచిది, లేకపోయినా ఫరవాలేదు. రాసిపెట్టకపోతే ఆ హెచ్చరిక గాలిలో కలిసిపోయినట్టే.

మళ్లీ మానేస్తే మెమో. మన ఫ్యాక్టరీల్లో ఇచ్చే మెమో సాధారణంగా ఇలా ఉంటుంది: ‘మీరు తరచుగా విధులకు గైర్హాజరవుతూ కంపెనీకి తీవ్ర నష్టం కలిగిస్తున్నారు. మీ ప్రవర్తన ఎంతమాత్రం సహించబడదు. ఇకపై పునరావృతమైతే కఠిన చర్యలు తీసుకోబడును.’ చదవడానికి గంభీరంగా ఉంటుంది కానీ ఇందులో ఒక్క నిజం కూడా లేదు: ఏ తేదీ, ఏ షిఫ్ట్, ఏ నష్టం, ఏ చర్య, ఏదీ లేదు. పైగా అతను ఏమంటాడో అడగనేలేదు. దీన్నే ఇలా రాయండి:

‘మీరు ఈ నెల 4, 11, 12 తేదీల్లో ఎ షిఫ్ట్‌కు రాలేదు. సెలవు అడగలేదు, ఫోన్ చేయలేదు. 11వ తేదీన మీ మెషీన్ మధ్యాహ్నం రెండింటి దాకా ఆగిపోయింది. పోయిన నెల 20న మేనేజర్ ఇదే విషయం మీతో మాట్లాడి, ముందే చెప్పి సెలవు తీసుకోవాలని కోరారు. ఈ మూడు రోజులు రాకపోవడానికి కారణం ఈ కాగితం అందిన మూడు రోజుల్లో రాసి ఇవ్వండి. రాయడం కష్టమైతే పర్సనల్ ఆఫీసుకు వచ్చి చెప్పండి, మేము రాసి మీకు చదివి వినిపించి సంతకం తీసుకుంటాం.’

ఇంతే. కోపం ఎక్కడా కనిపించకూడదు. అతను చదవగలిగే భాషలో ఉండాలి. సంజాయిషీ వచ్చాక దాన్ని చదివి, ఒప్పుకుంటున్నారో లేదో మీరూ రాతపూర్వకంగా చెప్పాలి. ఇక్కడే నూటికి తొంభై ఫైళ్లు చచ్చిపోతాయి. మెమో ఇస్తారు, సంజాయిషీ తీసుకుంటారు, దాన్ని పంచ్ చేసి ఫైల్లో పెట్టి మరచిపోతారు. ‘మీ సంజాయిషీ చూశాం, 4వ తేదీ జ్వరం అన్న కారణం ఒప్పుకుంటున్నాం, మిగతా రెండు రోజులకు కారణం సరిపోదు, అందుకని హెచ్చరిస్తున్నాం’ అని ముగింపు కాగితం ఇచ్చినప్పుడే ఆ మెమో హెచ్చరిక అవుతుంది. లేకపోతే అది ప్రశ్నగానే మిగిలిపోతుంది. మూడు ప్రశ్నలు కలిస్తే ఒక రికార్డు కాదు.

ఆ తరవాత ఏం చేయాలన్నది అతని మీద ఆధారపడి ఉంటుంది. ఏడాది పాటు బాగా వస్తే ఆ హెచ్చరికను మరచిపోండి. రెండు నెలల్లో మళ్లీ మొదలుపెడితే ఆఖరి హెచ్చరిక ఇవ్వండి, అందులో ‘ఈసారి జరిగితే విచారణ జరిపి, ఉద్యోగం పోయేదాకా వెళ్లవచ్చు’ అని విప్పి రాయండి. ఆఖరి హెచ్చరిక అంటే ఆఖరిదే అయి ఉండాలి. ఒకే మనిషి ఫైల్లో అయిదు ‘ఆఖరి హెచ్చరికలు’ చూశాను. ఆరోదానికి అతను భయపడలేదంటే తప్పు అతనిది కాదు.

జరిమానా అన్న మెట్టు నాకు నచ్చదు. చట్టంలో ఉంది కానీ దాని షరతులు చాలా: ఏయే తప్పులకు వేస్తామో ముందే ప్రకటించాలి, అతని మాట వినాలి, మొత్తం ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు, వాయిదాల్లో పట్టకూడదు, 90 రోజుల తరవాత పట్టకూడదు, వసూలైన డబ్బు కార్మికుల మేలుకే వాడాలి. 3 శాతం అంటే పదిహేను వేల జీతానికి 450 రూపాయలు. దానికింత తతంగం అవసరమా? ఇంకో మాట, రాని రోజుకు జీతం కోయడం జరిమానా కాదు, అది చేయవచ్చు. మూడుసార్లు ఆలస్యమైతే ఒక రోజు జీతం కోస్తామనే లెక్క మాత్రం చెల్లదు. ఎంతసేపు రాలేదో అంతసేపటి జీతమే ఆపాలి.

తిట్ల సంగతికి వద్దాం. దీనికి మెమో, మౌఖిక హెచ్చరిక లాంటివి అక్కర్లేదు. నేరుగా చార్జిషీటు ఇవ్వండి. కానీ దాన్ని రాసేటప్పుడు సిగ్గుపడకండి. ‘అసభ్య పదజాలంతో దూషించారు’ అని రాస్తే కుదరదు. ఏ మాట అన్నాడో ఆ మాట ఉన్నదున్నట్టు, ఎంత పచ్చిగా ఉన్నా సరే, తెలుగులో రాయాలి. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ మెషీన్ దగ్గర, ఎవరెవరు విన్నారు అన్నవీ ఉండాలి. టైపు చేసే అమ్మాయికి ఇబ్బంది అయితే మీరే చేత్తో రాయండి. అసలు మాటే తెలియకపోతే అతను దేనికి జవాబు చెప్పాలి?

రాసే ముందు సూపర్‌వైజర్‌ను విడిగా కూర్చోబెట్టి, దానికి ముందు తానేమన్నాడో అడగండి. కారణం చెబుతాను. సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన రెండు కేసులు చూడండి. 1982లో ఉత్తరప్రదేశ్ కేసు ఒకటి. పద్నాలుగేళ్ల సర్వీసులో మచ్చలేని కార్మికుడు పై అధికారితో నోరు జారాడు. డిస్మిస్ చేశారు. కోర్టు ఆ శిక్ష మరీ ఎక్కువని తీసేసి, రెండు ఇంక్రిమెంట్లు ఆపమని సరిపెట్టింది. 2005లో మహీంద్ర అండ్ మహీంద్ర కేసు. అక్కడ కార్మికుడు పై అధికారిని చాలా నీచమైన మాటలతో, ఒకసారి కాదు, తిట్టాడు. డిస్మిస్ సరైనదేనని, లేబర్ కోర్టు జాలిపడి తగ్గించడానికి వీల్లేదని అదే సుప్రీంకోర్టు చెప్పింది. మీ కేసు ఈ రెండింటి మధ్య ఎక్కడ పడుతుందో తిట్టిన మాటను బట్టీ, దానికి ముందు జరిగినదాన్ని బట్టీ, అతని రికార్డును బట్టీ తేలుతుంది. రికార్డేమో ఖాళీ. అందుకే, నా అంచనాలో, తొమ్మిదేళ్లలో ఒక్క కాగితం కూడా లేని మనిషిని ఒక్క రోజు తిట్లకు డిస్మిస్ చేస్తే నిలబడదు. నాలుగు రోజుల సస్పెన్షన్ శిక్షగా వేసి, దానితోపాటు ఆఖరి హెచ్చరిక ఇస్తే ఎక్కడికి వెళ్లినా నిలబడుతుంది. మీకది చాలదనిపించవచ్చు. సూపర్‌వైజర్‌కు అసలు నచ్చదు. అయినా అంతే.

చేయి చేసుకుని ఉంటే ఇదంతా చెప్పేవాణ్ని కాదు. కొట్టడం, దొంగతనం, బిల్లుల్లో మోసం వీటికి మెట్లు లేవు. మొదటిసారే తీసేయవచ్చు, విచారణ మాత్రం తప్పదు. మహిళా ఉద్యోగి మీద లైంగిక వేధింపు అయితే ఆ ఫిర్యాదు మీరు చూడకూడదు, 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ చూడాలి. పదిమంది ఉన్న ప్రతి చోటా ఆ కమిటీ ఉండాలి, మీ దగ్గర ఉందా? మీ రంగంలో ఇంకొకటి ఉంది: మౌల్డింగ్ మెషీన్ సేఫ్టీ డోర్ తెరవగానే మెషీన్‌ను ఆపే లిమిట్ స్విచ్‌ను తాడుతో కట్టేసి నడపడం. చేతులు పోయే వ్యవహారం కాబట్టి దాన్ని పెద్ద తప్పుగానే చూడాలి. అయితే సైకిల్ టైమ్ (ఒక్కో ముక్కకు పట్టే సమయం) తగ్గించమని ఒత్తిడి పెట్టి తాడు తెచ్చిచ్చింది ఎవరో ముందు కనుక్కోండి. చార్జిషీటు ముందు అతని పైవాళ్లకే ఇవ్వాల్సి రావచ్చు.

సస్పెన్షన్ అన్న మాట రెండు చోట్ల వాడాను, రెండూ వేరు. విచారణ జరిగేదాకా దూరంగా ఉంచడం ఒకటి, తప్పు రుజువయ్యాక శిక్షగా నాలుగు రోజులు పంపించడం ఇంకొకటి. మొదటిదానికి జీవన భృతి ఇవ్వాలి: మొదటి 90 రోజులు జీతంలో సగం, ఆ తరవాత ఆలస్యం అతని వల్ల కాకపోతే 75 శాతం. మీ యూనిట్ పరిమాణానికి కోడ్‌లోని స్టాండింగ్ ఆర్డర్ల అధ్యాయం వర్తించకపోయినా ఇదే లెక్కన ఇవ్వండి. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఒక సెక్యూరిటీ అధికారిని సస్పెండ్ చేసి పైసా ఇవ్వలేదు. అతను సొంత ఊరు కేరళ వెళ్లిపోయాడు. విచారణకు రావడానికి డబ్బు లేదన్నాడు. అతను లేకుండానే విచారణ ముగించి తీసేశారు. 1999లో సుప్రీంకోర్టు ఆ విచారణనే చెల్లదంది. మీ ఆపరేటర్ విషయంలో అసలు సస్పెండ్ చేయకుండా వేరే షిఫ్ట్‌లో వేయడమే నాకు మంచిదనిపిస్తోంది.

విచారణ ఎలా జరపాలన్నది పెద్ద విషయం, ముఖ్యమైనవి చెబుతాను. విచారణాధికారి ఫిర్యాదుదారు కాకూడదు, సాక్షి కాకూడదు, తిట్లు తిన్నవాడి బావమరిది కాకూడదు. బయటివాళ్లను పెట్టుకోవచ్చు. అతనికి తోడుగా తోటి కార్మికుడినో, సభ్యుడైన యూనియన్ నాయకుడినో కూర్చోనివ్వాలి. సాక్షులు అతని ఎదుటే మాట్లాడాలి, వాళ్లను ప్రశ్నించే అవకాశం అతనికి ఇవ్వాలి. ముందే రాసి పెట్టుకున్న వాంగ్మూలాలు చదివి అయిపోయిందనిపించడం విచారణ కాదు. అతను ఏ భాష కోరితే ఆ భాషలో, అంటే ఇక్కడ తెలుగు, హిందీ లేదా ఇంగ్లీషులో నమోదు చేసి, ప్రతి పేజీ మీద అందరి సంతకాలు తీసుకోండి. రాకపోతే ఇంకో తేదీ ఇచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ‘తీసుకోలేదు’ అని తిరిగి వచ్చిన కవరును చించకుండా అలాగే దాచండి. అప్పుడూ రాకపోతే అతను లేకుండా జరపవచ్చు, కానీ సాక్షులను విచారించాల్సిందే. క్రిమినల్ కోర్టులో లాగా సందేహానికి అతీతంగా నిరూపించాల్సిన పని లేదు. జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందని తేలితే చాలు.

నివేదిక వచ్చాక తొందరపడి ఆర్డర్ టైపు చేయకండి. మన హైదరాబాద్ ఈసీఐఎల్ (ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ) కేసులో 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది: శిక్ష వేసే ముందు విచారణ నివేదిక కాపీ ఉద్యోగికి ఇచ్చి, దాని మీద అతని అభిప్రాయం తీసుకోవాలి. ప్రభుత్వ సంస్థ అయినా, ప్రైవేటు అయినా ఇదే. ఆ నోటీసులోనే అతని పాత హెచ్చరికల తేదీలు కూడా రాయండి. గత రికార్డు చూసి శిక్ష పెంచదలిస్తే ఆ రికార్డు ముందే అతనికి చూపించాలని 1964లో మైసూరు రాష్ట్రం కేసులో తేలిపోయింది. ఏళ్ల తరబడి జాగ్రత్తగా మెమోలు ఇచ్చి, ఆఖరున ఈ ఒక్క పేరా రాయకపోవడం వల్ల అవన్నీ పనికిరాకుండా పోయిన ఫైళ్లు ఉన్నాయి. ఆర్డర్‌లో, అతని జవాబులో ఏది ఎందుకు ఒప్పుకోలేదో చెప్పండి. ఇరవై ఒక్క రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చని, ఎవరికి చేయాలో రాయండి. ఆ అప్పీలు ఆర్డర్ ఇచ్చినవాళ్లు కాక వేరేవాళ్లు వినాలి. యజమాని మీరొక్కరే అయితే ఆర్డర్ మేనేజర్ చేత ఇప్పించి, అప్పీలు మీ దగ్గర పెట్టుకోండి.

ఎప్పుడైనా నిజంగా తీసేయాల్సి వస్తే, రావలసిన జీతం రెండు పని దినాల్లో ఇచ్చేయండి. అయిదేళ్లు నిండిన మనిషిని గైర్హాజరుకు తీసేసినా గ్రాచ్యుటీ ఇవ్వాలి. దాన్ని ఆపుకునే అవకాశం ఆస్తి నష్టం, హింస, నైతిక పతనంగా చూసే నేరం లాంటి కొన్ని సందర్భాలకే ఉంది. గ్రాచ్యుటీ పట్టుకుని బేరం పెట్టే యజమానులు వడ్డీతో కడతారు. యూనిట్‌లో ఏదైనా వివాదం అప్పటికే లేబర్ అధికారి ముందు పెండింగ్‌లో ఉంటే, ఆర్డర్ ఇచ్చే ముందు తప్పకుండా లాయర్‌ను అడగండి. అనుమతి, నెల జీతం లాంటి షరతులున్నాయి, అవి తప్పితే డిస్మిస్ మొదటి నుంచే లేనట్టు లెక్క.

‘వాడే రాజీనామా ఇస్తానంటే?’ అని మీరు అడగబోతున్నారని తెలుసు, అందరూ అదే అడుగుతారు. తనంతట తాను ఇస్తే తీసుకోండి. అతని చేతిరాతతో ఉండాలి, మీ టైపిస్టు తయారుచేసిన ఫారం మీద కాదు. ఇంటికెళ్లి ఆలోచించుకోవడానికి రెండు రోజులు ఇచ్చి, ఆ తరవాత ఆమోదించండి. రాజీనామా రాయకపోతే పోలీసులకు ఇస్తామనో, పీఎఫ్ ఆపుతామనో బెదిరించి తీసుకున్న కాగితం గేటు దగ్గర ఆపడం కంటే ప్రమాదం. డబ్బు ఇచ్చి సెటిల్ చేసుకోవాలనుకుంటే ఇద్దరూ కలిసి లేబర్ అధికారి దగ్గరకు వెళ్లి ఆయన ముందు సంతకాలు పెట్టండి. లెక్క వివరంగా రాయించండి: జీతం ఎంత, సెలవుల డబ్బు ఎంత, గ్రాచ్యుటీ ఎంత, అదనంగా ఎంత. చెక్కు నంబరు కూడా అందులోనే ఉండాలి.